నూరు ప్లేట్లు

"ప్లేట్లు వచ్చాయండీ!" అని మా ఆవిడ వీధిగుమ్మంలోంచి కేకవేసింది. అది విని పక్కింటావిడ, "ఏం వదినా, మీ ఇంట్లో భోజనాలా?" అని అడిగిందట. ఆవిడ తప్పేం లేదు. ఈ రోజుల్లో ప్లేట్లంటే అన్నం, కూర, టిఫినే జ్ఞాపకం వస్తాయి. మా తాతగారి రోజుల్లో ప్లేట్లంటే గ్రామఫోను ప్లేట్లే. "మీ ఇంట్లో హరిశ్చంద్ర ప్లేట్లున్నాయా?" అని అడిగి ఎరువు పట్టుకుపోయేవారు. తిరిగి తెచ్చేటప్పుడు అంచు విరిగిందో, గీత పడిందో చూసుకోవడం మా నాయనమ్మ పని.

మా ఇంటికి వచ్చిన పెట్టెలో సరిగ్గా నూరు ప్లేట్లున్నాయి. ఒక్కొక్కటి 140 గ్రాములు. అట్టలు కాక ప్లేట్ల బరువే 14 కిలోలు. నూటిమీదా వున్నది ఒకే గొంతు. మా తెలుగు మాస్టారి గొంతు. 1999లో ఆయన ఉద్యోగ విరమణ చేసినప్పుడు, చివరి క్లాసులో చెప్పిన పాఠం అది. ఆ పాఠాన్ని ప్లేటు ఎక్కించడానికి మాకు పదహారు నెలలు పట్టింది. అన్ని నెలలు ఎందుకు పట్టిందో చెబుతాను. చెప్పేదాంట్లో కొంత యంత్రశాస్త్రం వుంటుంది. నేను ఎమ్మే తెలుగు చదివినవాణ్ణి. నాకు బోధపడిందంటే మీకు తప్పకుండా బోధపడుతుంది.

ముందు లక్క సంగతి. మా తాతగారి ప్లేట్లు లక్కవి. భారతంలో పాండవులను ఏ లక్క ఇంట్లో పెట్టారో ఆ లక్కే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు పెట్టే జిగురు. అందులో రాతిపొడి బాగా కలిపి, నల్లదనానికి మసి కలిపి, వేడిమీద అచ్చువేస్తే ప్లేటు. అందుకే అవి అంత బరువు, కిందపడితే అప్పడంలా ముక్కలు. లక్క మన దేశపు సరుకే అయినా, ప్లేట్లు మొదట ఇక్కడ తయారుకాలేదు. 1902లో గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ మొదలైనవారి పాటలు పట్టుకుపోయాడు. వాటిని జర్మనీలో హానోవరులో అచ్చువేసి ఓడమీద తిరిగి పంపేవారు. 1908లో కలకత్తా సియాల్దాలో మొదటి కర్మాగారం వెలిసింది. 1928లో అది డమ్‌డమ్‌కి మారింది. యుద్ధం వచ్చాక లక్క కరువై 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్లకు వాడే లక్కలో కోతపెట్టింది. అప్పుడే వినైలు మీద పదిమంది చూపూ పడింది. 1948లో కొలంబియా కంపెనీవారు నిమిషానికి 33 చుట్లు పైచిల్లర తిరిగే లాంగ్ ప్లే రికార్డు తెచ్చారు. అంతటితో లక్క పని అయిపోయింది.

ఆ తరవాత క్యాసెట్టు వచ్చింది. ఆ తరవాత సీడీ వచ్చింది. ఇప్పుడు అన్నీ టెలిఫోనులోకి వచ్చాయి. ప్లేటు పోయిందనే అందరూ అనుకున్నాం. కాని 2022లో అమెరికాలో సీడీలు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోతే, ప్లేట్లు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోయాయి. లెక్కలో ప్లేటు సీడీని దాటడం 1987 తరవాత అదే మొదలు. మన దేశంలోనూ 2024లో ముంబయిలో మళ్ళీ ప్లేట్లు అచ్చువేయడం మొదలుపెట్టారు. మేము ఎక్కడ అచ్చువేయించామో మాత్రం చెప్పను. చెబితే ఇది ప్రకటన అనుకుంటారు.

ఈ పని తలపెట్టింది మా సహాధ్యాయి, ఇప్పుడు బ్యాంకు ఆఫీసరు. చివరి క్లాసుకి టేపురికార్డరు తెచ్చి బల్లమీద పెట్టినవాడు వాడే. క్యాసెట్టు వాడి బీరువాలోనే పాతికేళ్ళు పడుకుంది. ఏడుగురం పాత విద్యార్థులం ఒక సంఘంగా ఏర్పడ్డాం. అందులో ఒకడు అమెరికాలో న్యూజెర్సీలో వుంటాడు. డబ్బులో పెద్దవాటా వాడిదే, కాబట్టి సలహాల్లో పెద్దవాటా కూడా వాడిదే.

నూరు ప్లేట్లు చాలు అనుకున్నాం. అక్కడే మొదటి దెబ్బ తగిలింది. శుభలేఖలు అచ్చువేయించినవారికి ఈ సంగతి తెలుసు. నూరు శుభలేఖలకైనా, వెయ్యి శుభలేఖలకైనా అక్షరాలు కూర్చే కూలి ఒక్కటే. ప్లేటుకీ అంతే. మూల ఫలకం చెక్కడం, దానికి లోహపు అచ్చు తీయడం, మిషనుకి ఎక్కించి సరిచూసుకోవడం, వీటి ఖర్చు ఒక ప్లేటుకైనా ఒకటే, వెయ్యింటికైనా ఒకటే. ఒక అచ్చుతో సుమారు వెయ్యి ప్లేట్లు తీయవచ్చు. మేము నూరు తీసి అచ్చుని అవతల పారేస్తాం. అంటే పెళ్ళిపందిరి వేసి పదిమందికి భోజనం పెట్టినట్టు.

"మరి అచ్చులేకుండా చేసే దారి లేదా?" అని అడిగాను. ఉంది. ఒక్కొక్క ప్లేటునీ విడివిడిగా, పాట నడుస్తూవుండగా, ముల్లుతో చెక్కడం. న్యూజిలాండులో జెరాల్డిన్ అనే చిన్న వూళ్ళో పీటర్ కింగ్ అనే ఆయన 1980ల చివరినుంచి ఈ పని చేస్తూ వచ్చాడు. పారదర్శకంగా వుండే పాలికార్బొనేటు పలకలమీద ఇరవై, ముప్ఫయి ప్రతులు కావలసిన బీద పాటగాళ్ళకి చెక్కి ఇచ్చాడు. దీనికి పెట్టుబడి తక్కువ, కాలం ఎక్కువ. నలభై నిమిషాల పాఠాన్ని చెక్కడానికి నలభై నిమిషాలూ పడుతుంది. నూరు ప్లేట్లకి 4,000 నిమిషాలు, అంటే 66 గంటలు దాటుతుంది. ధ్వని కూడా అచ్చు ప్లేటంత బాగా వుండదు.

దీనికంటే చిత్రమైనది లెనిన్‌గ్రాడు కథ. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సోవియట్ దేశంలో జాజ్ పాటలూ, దేశం విడిచిపోయిన గాయకుల పాటలూ అమ్మడం నిషేధం. బగస్లోవ్‌స్కీ అనే కుర్రవాడూ, అతని మిత్రులూ ఆస్పత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు సంపాదించారు. వాటిని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, మధ్య కన్నం సిగరెట్టుతో కాల్చి, సొంతంగా తయారుచేసుకున్న యంత్రంతో పాట చెక్కి చాటుగా అమ్మారు. దీపానికి ఎదురుగా పెడితే ఎవరివో పక్కటెముకలు కనిపిస్తాయి, ముల్లు పెడితే పాట వినిపిస్తుంది. కొద్దిసార్లు వాయిస్తే అరిగిపోయే ఆ ఫిల్ముల కోసం బగస్లోవ్‌స్కీ ఒకసారికి మించి జైలుకి వెళ్ళి వచ్చాడు. ఈ సంగతి చదివాక, నూరు ప్లేట్ల ఖర్చు గురించి మా సంఘంలో ఎవరూ నోరెత్తలేదు. ఎవరూ జైలుకి వెళ్ళనక్కరలేదు కదా. అచ్చువేయించడానికే నిశ్చయించాం.

క్యాసెట్టు వింటే పాఠం 47 నిమిషాలు వచ్చింది. పన్నెండంగుళాల ప్లేటుకి ఒక పక్క ఇరవై నిమిషాలయితే ఆరోగ్యం. ఇంకా కుక్కవచ్చు గాని, కుక్కినకొద్దీ గాడులు ఒకదానికొకటి దగ్గరవుతాయి, ధ్వని తగ్గించాలి. ధ్వని తగ్గితే బరబర పైకి వస్తుంది. ఒక పక్క వున్నది ఒకే ఒక్క గాడి అని మీకు తెలుసా? అంచునుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. దాన్ని విప్పి పరిస్తే సుమారు అరకిలోమీటరు వుంటుంది. ఆ అరకిలోమీటరులో మా మాస్టారు పట్టాలి. రెండు పక్కలూ కలిపి నలభై నిమిషాలు. అంటే ఏడు నిమిషాల మాస్టారిని వదిలిపెట్టాలి.

ఏది వదలాలి? ఈ తగువు తేలకముందే మరో తగువు వచ్చిపడింది. మూల ఫలకం చెక్కే నిపుణుడు విదేశీయుడు. మా పాఠం విని జాబు రాశాడు. మీ గురువుగారి గొంతు బాగుంది గాని, బుసకొట్టే శబ్దాలు మరీ పదునుగా వున్నాయి, మెత్తబరచమంటారా అని. అతను చెబుతున్నది ఊష్మాల సంగతి. శ, ష, స.

ఇందులో కిటుకు ఏమిటంటే, ప్లేటు చెక్కేటప్పుడు మంద్రస్వరాలు తగ్గించి, తారస్వరాలు పెంచి చెక్కుతారు. వాయించేటప్పుడు దీన్ని తిరగవేస్తారు. 1954లో అమెరికా రికార్డు కంపెనీలన్నీ దీనికి ఒక కొలత పెట్టుకున్నాయి. ఆ పెంచడంలో ఊష్మాలు మరీ పెరిగి, గాడిలో సన్నని గజిబిజి గీతలవుతాయి. ప్లేటు అంచున గాడి ముల్లుకింద సెకనుకి 50 సెంటీమీటర్లు పోతుంది. లోపల, లేబులు దగ్గర, 20 సెంటీమీటర్లే. చుట్టుకి పట్టే కాలం ఒకటే, చుట్టు మాత్రం చిన్నదవుతుంది మరి. అదే శకారం అంచున విశాలంగా కూర్చుంటే, లోపల ఇరుక్కుని కూర్చుంటుంది. అక్కడ ముల్లు దాన్ని అనుసరించలేక గరగరమంటుంది.

మెత్తబరచిన నమూనా పంపాడు. విన్నాను. విని భోజనం చేయలేకపోయాను. శకారమూ షకారమూ ఒకటైపోయాయి. మా మాస్టారి క్లాసులో "సాంతి" అన్నవాడు గంటసేపు నిలబడేవాడు. "విషయాన్ని విశయం అనకురా, నాలుక ఎక్కడ పెట్టావో చూసుకో" అనేవారు. ఆయన ప్లేటులో ఆ రెండక్షరాలూ కలిసిపోతే, ఆయన పైనించి మమ్మల్ని బెంచీ ఎక్కిస్తారు. ఆ నిపుణుడికి పెద్ద జాబు రాశాను. అయ్యా, మీకు బుసగా వినిపించేచోట మాకు మూడు అక్షరాలున్నాయి, మూడింటికీ మూడు స్థానాలున్నాయి, ఒకదాని బదులు ఒకటి వేస్తే పద్యం అపభ్రంశమవుతుంది అని.

అతను మంచివాడు. అయితే శబ్దాన్ని ముట్టుకోను, వరస మార్చుకోండి, పదునైనవన్నీ అంచున పెట్టండి, నెమ్మదివి లోపల పెట్టండి అన్నాడు. వరస మార్చే పనే లేకపోయింది. మాస్టారు పాఠం చెప్పే పద్ధతే అది. ముందు పద్యాలు రాగంతో ఎత్తుకునేవారు. ఆ తరవాత కుర్చీలో కూర్చుని అర్థతాత్పర్యాలు చెప్పేవారు. ఒక పక్క గజేంద్రమోక్షం, రెండో పక్క రుక్మిణీకల్యాణం. రెండింటిలోనూ పద్యాలు అంచున, వ్యాఖ్యానం లోపల. పాతికేళ్ళ ముందే ప్లేటుకి పనికివచ్చేలా ఆయన పాఠం చెప్పారు.

ఇక ఏడు నిమిషాల తగువు. హాజరు పిలిచిన మూడు నిమిషాలు తీసేద్దామన్నాం. న్యూజెర్సీవాడు ఒప్పుకోలేదు. హాజరులో వాడి పేరుంది. చివరికి వాడి డబ్బు వాడికి వాపసు ఇస్తామంటే దిగివచ్చాడు. ప్రిన్సిపాలుగారి నోటీసు ఒక నిమిషం పోయింది. ఎవడో కిటికీ మూసిన చప్పుడూ, ఫాను ఆపమన్న గొడవా ఇంకో రెండు. ఒక నిమిషం మిగిలింది.

ఆ ఒక్క నిమిషం గురించే ఈ వ్యాసం రాస్తున్నాను.

గజేంద్రమోక్షం నడుస్తూండగా, ఒక పద్యం మధ్యలో మాస్టారు ఆగిపోయారు. ముప్ఫయి మూడేళ్ళు పాఠం చెప్పిన పద్యం. క్యాసెట్టులో నాలుగు సెకన్లు ఫాను చప్పుడు తప్ప ఏమీ వుండదు. అప్పుడు మూడో బెంచీలోంచి ఒక కుర్రవాడు మాట అందించాడు. అది తప్పు మాట. అర్థం సరిపోయింది గాని యతి చెల్లలేదు. మాస్టారు నవ్వారు. "ఒరేయ్, అర్థం అందించావు గాని అక్షరం అందించలేదురా" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో ఆయనకి అసలు మాట దొరికింది. పద్యం పూర్తిచేశారు.

ఆనాడు మాకు అది వేడుక. తరవాత నాలుగేళ్ళకి ఆయన మా పేర్లు మరిచిపోయారు. ఇంకా కొన్నాళ్ళకి ఇంటిదారి మరిచిపోయారు. 2009లో పోయారు. ఇప్పుడు ఆ నాలుగు సెకన్లు వింటే అది వేడుకలా వుండదు.

"తీసేద్దాం" అన్నాను నేను. "గురువుగారి పరువు సంగతి. ముప్ఫయి మూడేళ్ళలో ఒక్కసారి తడబడితే, దాన్నే లోహంలో పోతపోసి నూరిళ్ళకి పంచుతామా? ఒకసారి చెక్కిన తరవాత చెరపడానికి వీల్లేదు." నలుగురు నాతో కలిశారు. ఇద్దరు వుంచాలన్నారు. లెక్కప్రకారం మేమే నెగ్గాం. అయినా మాస్టారి భార్యగారి అనుమతి కావాలి గదా అని, పాఠమంతా టెలిఫోనులో పెట్టుకుని ఒక ఆదివారం వెళ్ళాను.

అమ్మగారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. అరుగుమీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. ఆ నాలుగు సెకన్లు వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. మళ్ళీ పద్యం అందుకున్నాక, చెయ్యి కదిలింది. మొత్తం అయ్యాక, ఆ భాగం తీసేద్దామనుకుంటున్నామండీ అని చెప్పాను.

"ఆ సాయంత్రం నాకు చెప్పారు నాయనా" అన్నారు అమ్మగారు. "కాళ్ళు కడుక్కుంటూ చెప్పారు. ఇవాళ పద్యం జారిందే, వెనకనుంచి ఒకడు అందుకున్నాడు, తప్పే అందించాడనుకో, అందుకున్నాడుగా అని. అన్నం తింటూ మళ్ళీ చెప్పారు. సంతోషంగానే చెప్పారు."

నేను మాట్లాడలేదు.

"ఆయన మరుపు సంగతి అప్పటికే నాకు తెలుసు. దసరాలకే తెలుసు. కూరలకి వెళ్ళి, సంచీ ఎందుకు తెచ్చానే అని అడిగారు. మీకెవరికీ చెప్పుకోలేదు, ఆయనా చెప్పుకోలేదు. తీసేస్తే తీసెయ్యండి, నాకేం పట్టింపు లేదు. కాని ఆ అందించిన పిల్లాడెవడో, వాణ్ణి అడిగి తీసెయ్యండి."

కొంచెంసేపు చిక్కుడుకాయలవంక చూసి, "నేనేనండీ" అన్నాను.

"తెలుసు. నీ గొంతేం మారిందని?" అన్నారు అమ్మగారు.

పాఠక మహాశయులకు ఈపాటికి అర్థమయ్యే వుంటుంది. గురువుగారి పరువని నేను అరిచినదాంట్లో గురువుగారి పరువు ఎంతో, నా పరువు ఎంతో, అప్పటిదాకా నేను తూచి చూసుకోలేదు. తెలుగు లెక్చరరు యతి తప్పిన సంగతి నూరు ప్లేట్లమీద ఎక్కుతుందే అనే బెంగ నాది. ఆ నిమిషం వుంచేశాం. దాని బదులు, మాస్టారు నన్ను మెచ్చుకున్న ఒక నిమిషం తీసేశాం. అది నేనే సూచించాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

తరవాత పని యంత్రాలది. అల్యూమినియం పళ్ళెంమీద నున్నగా పూసిన లాకరు పూతలో, వేడెక్కించిన మణి ముల్లు గాడి కోస్తుంది. లాకరు అనే మాట మన "లాక్షా" శబ్దంనుంచి ప్రయాణంచేసి వెళ్ళినదే. ఇప్పుడందులో లక్క లేదు, నైట్రోసెల్యులోజు వుంది. పేరు మాత్రం మనది. ప్రపంచానికి ఈ పళ్ళేలు చేసిపెట్టిన పెద్ద చోట్లు రెండే. వాటిలో కాలిఫోర్నియాలోది 2020 ఫిబ్రవరి 6న అగ్నిప్రమాదంలో నాశనమైంది. మిగిలింది జపానులోది. భారతంలోనే కాదు, ఇక్కడ కూడా లక్క ఇంటికి నిప్పు గండం తప్పలేదు.

చెక్కిన పళ్ళేన్ని కడిగి, పలచగా వెండి పూసి, నికెలు ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపుతారు. వెండిమీద నికెలు పేరుకుని, రేకులాగా విడివస్తుంది. దాన్ని తండ్రి అంటారు. తండ్రిలో గాడి వుండదు, గాడి వున్నచోట గట్టు వుంటుంది. తండ్రిమీద మళ్ళీ నికెలు పేరబెడితే తల్లి వస్తుంది. తల్లిలో గాడి గాడిలాగే వుంటుంది, ముల్లుపెట్టి వినవచ్చు కూడా. తల్లినుంచి మళ్ళీ తీసేది కొడుకు. మిషనులో నలిగేది ఆ కొడుకే. తండ్రిని భద్రంగా దాచుతారు, కొడుకు అరిగిపోతే తల్లినుంచి మరో కొడుకుని తీస్తారు. ఈ పేర్లు నేను పెట్టినవి కావు, పాశ్చాత్యులే పెట్టుకున్నారు. మావి నూరు ప్లేట్లే గనక తండ్రినే మిషనెక్కించి ఖర్చు తగ్గించుకోవచ్చునన్నారు. కాని తండ్రి దెబ్బతింటే మళ్ళీ మొదటికి వస్తుంది. మా బ్యాంకు ఆఫీసరు ఒప్పుకోలేదు. "తండ్రిని పనిలో పెట్టి కొడుకుని ఇంట్లో కూర్చోబెట్టడం మన ఇళ్ళల్లో చాలదా?" అన్నాడు.

మిషనులో పైన ఒక కొడుకు, కింద ఒక కొడుకు. మధ్య మెత్తబడిన వినైలు ముద్ద, పైనా కిందా కాగితం లేబుళ్ళు. లేబులుకి జిగురు వుండదు. వేడికీ ఒత్తిడికీ అదే వినైలులో కలిసిపోతుంది. అందుకని లేబుళ్ళని ముందుగా కాల్చి తడి పోగొడతారు, లేకపోతే పొంగి చిరుగుతాయి. ఆవిరితో అచ్చు వేడెక్కుతుంది. సుమారు నూరు టన్నుల బరువు దిగుతుంది. వెంటనే చన్నీళ్ళు పారి చల్లబడుతుంది. అంచున పొంగినదాన్ని కోసేస్తారు. అరనిమిషంలో ప్లేటు తయారు. పదహారు నెలలు మేము తన్నుకున్నది ఆ అరనిమిషం కోసం.

అసలు నూరు తీసేముందు ఐదు నమూనా ప్లేట్లు పంపారు. వాటిని విని సరేనంటే మిగతావి తీస్తారు. లోపం కనిపెట్టడానికి చిన్న సూత్రం వుంది. ఒక్క ప్లేటులోనే చిటుకుమంటే ఆ ప్లేటుదే దోషం. ఐదింటిలోనూ ఒకేచోట చిటుకుమంటే దోషం అచ్చులోనే వుంది. రెండో పక్క ఐదింటిలోనూ ఒకేచోట "టక్, టక్" అని వినిపించింది. నాకు కోపం వచ్చింది. అచ్చు చెడింది, మళ్ళీ తీయాల్సిందే అని గట్టిగా జాబు రాశాను. వాళ్ళు ఎంతో మర్యాదగా, ఆ శబ్దం మీరు పంపినదాంట్లోనే వుంది, చూసుకోండి అన్నారు. చూసుకున్నాను. క్యాసెట్టులో కూడా వుంది. సందు ఇచ్చి వింటే తాళం ప్రకారం పడుతోంది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పద్యం చదువుతూ మాస్టారు వేలి ఉంగరంతో బల్లమీద కొట్టేవారు. మూడేళ్ళు ఎదురుగా కూర్చుని విన్నవాణ్ణి, దాన్ని లోపమనుకున్నాను. క్షమాపణ రాసి, సరేనని సంతకం పెట్టాను.

పాట అయిపోయాక లేబులు చుట్టూ కొంత ఖాళీ జాగా వుంటుంది. అక్కడ నిపుణుడు ముల్లుతో ప్లేటు నంబరు గీస్తాడు. మాస్టారు రోజూ నల్లబల్లమీద శ్రీకారం చుట్టి పాఠం మొదలుపెట్టేవారు. ఆ అక్షరం బొమ్మ గీసి పంపి, అక్కడ చెక్కమన్నాం. తెలుగు ఎరగని ఆ నిపుణుడు బొమ్మను చూసి చెక్కాడు. గుడి కొంచెం పక్కకి వొరిగింది. బడిలో చేరిన మొదటిరోజున నేను దిద్దిన అక్షరంలా వుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీ ఇళ్ళల్లో పాత క్యాసెట్లుంటే, వాటిలో మీవాళ్ళ గొంతులుంటే, ప్లేటు ఎక్కించకపోయినా ఫరవాలేదు. ముందు ఇంకో చోటికి ఎత్తి పెట్టుకోండి. క్యాసెట్టు టేపు బూజుపట్టి అతుక్కుపోతుంది. మాది బాగుచేయించేసరికి మొదటి అరనిమిషం అప్పటికే పోయింది. ఆ అరనిమిషంలో మాస్టారు ఏమన్నారో ఏడుగురికీ ఏడు రకాలుగా గుర్తుంది.

మొదటి ప్లేటు అమ్మగారికి ఇవ్వడానికి వెళ్ళాను. వాళ్ళింట్లో వాయించే మిషను లేదు. మాది కారులో పట్టుకెళ్ళాను. ఆవిడ ముందు ప్లేటు చేతిలోకి తీసుకుని, "ఆ ఆగిన చోటు ఎక్కడుందిరా?" అని అడిగారు. నాలుగు సెకన్లంటే ప్లేటు రెండు చుట్లు పైచిల్లర తిరుగుతుంది. చూస్తే కనిపించేది కాదు. అంచునుంచి ఒక వేలెడు లోపలికి చూపించి, "ఇక్కడెక్కడోనండీ" అన్నాను. అమ్మగారు అక్కడ వేలు పెట్టి చూశారు. గాడిమీద వేలు పెట్టకూడదని మా ఇంట్లో పిల్లల్ని రోజూ కేకలేస్తాను. ఆవిణ్ణి ఏమీ అనలేదు.

"ఒక్కోటి ఎంత పడింది?" అని అడిగారు. రెండువేలు దాటిందని చెప్పాను.

"అమ్మో! ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు ఆరు నెలల జీతం" అన్నారు అమ్మగారు. "సరే, పెట్టు విందాం."